భీమిలి అలల్లో పడిన కెమెరా: ఉప్పునీటి నష్టానికి గురైన ఒక డీఎస్ఎల్ఆర్ మరమ్మతు వివరాలు

ఇక్కడ నమోదు చేస్తున్న కెమెరా క్యానన్ ఈఓఎస్ 80డీ. 2016లో విడుదలైన ఈ మధ్యశ్రేణి డీఎస్ఎల్ఆర్‌లో 24.2 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ పరిమాణపు సెన్సర్ ఉంటుంది. దీని యజమాని పెళ్లి ఫోటోగ్రాఫర్. భీమిలిలో, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా, ఒక జంటకు ప్రీ-వెడ్డింగ్ షూట్ చేస్తుండగా ట్రైపాడ్ కాళ్ల కింద ఇసుక జారి, 18-135 మిల్లీమీటర్ల జూమ్ లెన్సుతో సహా కెమెరా అలలో పడిపోయింది. నీటిలో ఉన్నది కొద్ది క్షణాలే అయినా, వెనక్కి మళ్లిన అల దాన్ని ఇసుకలో దొర్లించింది. తీసిన వెంటనే ఫోటోలు ఉన్నాయో లేదో చూడడానికి ఆయన స్విచ్ ఆన్ చేశారు. తెర ఒకసారి వెలిగి ఆరిపోయింది. ఇంటికి వెళ్లాక రాత్రంతా దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి, మరునాడు విశాఖపట్నంలోని మా సర్వీసు సెంటరుకు తెచ్చారు. వచ్చీ రాగానే ఆయన అన్న మాట: "అన్నా, కెమెరా పోయినా పర్వాలేదు, కార్డు బతికితే చాలు." ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది ఆ మాటతోనే తేలిపోయింది.

ఉప్పు సంగతి

నీటిలో పడిన పరికరాల్లో అధిక భాగం బియ్యం డబ్బా మీదుగానే మా దగ్గరకు వస్తాయి కనుక, ముందుగా ఆ విషయం చెప్పుకోవాలి. బియ్యం తన చుట్టూ ఉన్న గాలిలోని తేమను కొంత పీల్చుకోగలదేమో గాని, మూసి ఉన్న బాడీ లోపల ఐసీల (చిప్పుల) కింద, కనెక్టర్ పిన్నుల మధ్య నిలిచిపోయిన నీటిని బయటకు లాగలేదు. దానికి తోడు బియ్యానికి అంటుకుని ఉండే సన్నని పిండి, తవుడు తడితో కలిసి జిగురుగా మారతాయి. ఈ కెమెరాలో ఆ జిగురు బ్యాటరీ మూత దగ్గర, కార్డు అరలో, పై డయల్ చుట్టూ గట్టిపడి ఉంది.

అసలు చిక్కు అంతకంటే లోతైనది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. నీరు ఆవిరైపోయినా ఇవి బోర్డు మీద ఎక్కడివక్కడే మిగిలిపోతాయి. మామూలు ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటితే తనంతట తానే చెమ్మగిల్లి ద్రావణంగా మారుతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతం తేమ చాలు. వానాకాలంలో విశాఖ గాలిలో తేమ తరచుగా 75 శాతం దాటుతుంది. కాబట్టి ఉప్పు కడగకుండా ఎంత శ్రద్ధగా ఆరబెట్టినా, సిలికా జెల్ డబ్బాలోంచి బయటకు తీసిన కెమెరా మన ఊరి గాలికి లోపల్లోపల మళ్లీ తడుస్తుంది. ఆరబెట్టాక చక్కగా పనిచేసి, కొన్ని వారాల తర్వాత ఏ కారణమూ కనిపించకుండా ఆగిపోయిన కెమెరాలలో నేను చూసిన వాటికి చాలావరకు ఇదే కారణం.

ఇక తడిగా ఉన్నప్పుడు స్విచ్ వేయడం వల్ల జరిగేది వేరు. ఎల్‌పీ-ఈ6ఎన్ బ్యాటరీ ఇచ్చేది 7.2 వోల్టులే అయినా, ఉప్పునీటికి ఆ మాత్రం చాలు. ధన ధ్రువం వైపు ఉన్న రాగి కరిగి, లోహ అయాన్లుగా రుణ ధ్రువం వైపు ప్రయాణించి, అక్కడ మళ్లీ లోహంగా పేరుకుంటుంది. ఈ పేరుకున్న లోహం సన్నని కొమ్మల్లా పెరిగి రెండు పిన్నుల మధ్య వంతెన కట్టడానికి కొన్నిసార్లు నిమిషాలే పడుతుంది. కనెక్టర్ల మీద బంగారు పూత ఉన్నా ఫలితం పెద్దగా మారదు. ఆ పూతలోని సూక్ష్మ రంధ్రాల గుండా ఉప్పునీరు కింద ఉన్న నికెల్‌ను, రాగిని చేరుతుంది. పైన బంగారం ఉన్నందువల్లే కింది లోహం మరింత వేగంగా తినేయబడుతుంది.

అందుకే సముద్రంలో పడిన కెమెరాకు నేను చెప్పే ప్రథమ చికిత్స వినేవారికి వింతగా తోస్తుంది. స్విచ్ జోలికి పోకుండా బ్యాటరీ తీసేయాలి, కార్డు తీసి పక్కన పెట్టాలి, లెన్సు విడదీయాలి. ఆపైన బాడీని మంచినీటితో, దొరికితే బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్‌తో, ధారాళంగా కడిగి, ఆరనివ్వకుండా తడి గుడ్డలో చుట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, వీలైనంత త్వరగా విప్పగలిగినవారి దగ్గరకు చేర్చాలి. ఎలాగూ లోపల ఉప్పునీరు నిండిన వస్తువు మంచినీటితో కొత్తగా పాడయ్యేది ఏమీ లేదు. ఒకసారి ఎండిపోయి గట్టిపడిన ఉప్పును ఐసీల కింది నుంచి కరిగించి తీయడం మాత్రం ఎంతో కష్టం. చినుకులు పడో, మంచినీళ్ల గ్లాసు ఒలికో తడిసిన కెమెరాకు ఈ సలహా వర్తించదు. దానికి బ్యాటరీ తీసి, తుడిచి, ఆరబెట్టడమే సరైనది.

ముందు కార్డు

ఎస్‌డీ కార్డులో చిప్పులన్నీ ఎపాక్సీలో పూర్తిగా పోతపోసి ఉంటాయి కనుక, బయటి ప్లాస్టిక్ తొడుగులోకి నీరు వెళ్లినా మెమరీ దాకా చేరడం అరుదు. పాడయ్యేది సాధారణంగా బయట కనిపించే బంగారు పట్టీలే. ఈ 64 జీబీ కార్డును ముందుగా డిస్టిల్డ్ వాటర్‌లో, తర్వాత 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, మెత్తటి బ్రష్‌తో పట్టీల మీది పొరను తీసి, పూర్తిగా ఆరనిచ్చాము. పక్కనున్న లాక్ మీటను కిందికి జరిపాకే రీడర్‌లో పెట్టాము. ఆ మీట కేవలం రీడర్‌కు ఒక సూచన మాత్రమే, కార్డును అది నిజంగా బంధించదు. అయినప్పటికీ, కంప్యూటర్ పొరపాటున ఏదో ఒకటి రాసేయకుండా అంతమాత్రపు అడ్డు ఉండడం మంచిది.

ఫోల్డర్ తెరిచి ఫోటోలను కాపీ చేసుకోవాలనే తొందర ఇక్కడ పనికిరాదు. డీడీరెస్క్యూ అనే డేటా రక్షణ సాఫ్ట్‌వేర్‌తో కార్డు మొత్తాన్ని మొదటి సెక్టార్ నుంచి చివరి దాకా ఒకే ఇమేజ్ ఫైలుగా తీసుకుని, కార్డును పక్కన పెట్టేసి, మిగిలిన పనంతా ఆ నకలు మీదనే చేశాము. ఫోటోలన్నీ దాదాపుగా ఉన్నాయి. కెమెరా పడేటప్పుడు రాస్తూ ఉన్న చివరి కొన్ని ఫైళ్లు మాత్రం డైరెక్టరీలో సున్నా పరిమాణంతో కనిపించాయి. ఫైలు రాయడం మొదలై, దాని వివరాలు పట్టికలో పూర్తిగా చేరకముందే కరెంటు పోతే ఇలాగే జరుగుతుంది. పోయిన ఫైళ్లను వెదికే ఫోటోరెక్ సాఫ్ట్‌వేర్‌తో ఆ భాగాన్ని వెదికితే అసంపూర్తి సీఆర్2 ఫైళ్లు (క్యానన్ రా ఫోటోలు) దొరికాయి. సీఆర్2 ఫైలులో పూర్తి పరిమాణపు జేపెగ్ ఒకటి ముందు భాగంలోనే దాగి ఉంటుంది, అసలు రా సమాచారం, అంటే సెన్సర్ నమోదు చేసిన ముడి సమాచారం, చివర వస్తుంది. కాబట్టి తోక తెగిపోయిన ఫైలులో కూడా ఆ జేపెగ్ నిక్షేపంగా ఉండే అవకాశం ఎక్కువ. ఆ కొద్ది ఫోటోలకు రా దక్కలేదు గాని, ఆల్బమ్‌లో వేసుకోదగ్గ జేపెగ్‌లు దక్కాయి. కార్డులోని మొత్తం యజమాని చేతికి చేరాకే స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను.

విప్పినప్పుడు కనిపించినవి

నీటిలో తడిసిన లిథియం అయాన్ బ్యాటరీని పైకి ఎంత బాగా కనిపించినా చార్జింగ్‌కు పెట్టకూడదు. దాన్ని మండే వస్తువులకు దూరంగా, ఆరుబయట ఉంచి, తర్వాత ఈ-వేస్ట్ సేకరణకు పంపించాము. ఫ్లాష్ కెపాసిటర్ మరో ప్రమాదం. బ్యాటరీ తీసేసినా అందులో సుమారు 300 వోల్టుల చార్జి చాలాసేపు నిలిచి ఉండవచ్చు. దాని కాళ్లను స్క్రూడ్రైవర్‌తో కలిపేసి నిప్పురవ్వ లేపే అలవాటు మన బజారులో ఉంది. ఆ దెబ్బకు బాగున్న ఐసీ కూడా పోతుంది. ఒకటి రెండు కిలో ఓముల, తగిన వాటేజీ ఉన్న రెసిస్టర్‌ను తాకించి నెమ్మదిగా ఖాళీ చేసి, మల్టీమీటర్‌లో సున్నా చూశాకే చేతులు లోపల పెట్టాలి.

జపాన్ కెమెరాల స్క్రూలు చూడడానికి ఫిలిప్స్ తలల్లా ఉన్నా జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) కొలతకు చేసినవి. ఉప్పు పట్టి బిగుసుకున్న స్క్రూకు ఫిలిప్స్ మొన వాడితే తల అరిగిపోవడం ఖాయం. వెనుక మూత తీయగానే నష్టం ఎక్కడెక్కడ జరిగిందో స్పష్టంగా తెలిసింది. యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ రబ్బరు మూతల వెనుక తెల్లటి ఉప్పు పేరుకుంది. తిప్పే తెర మడతలోంచి వచ్చే ఫ్లెక్స్ కేబుల్ కనెక్టర్ సగం ఆకుపచ్చగా మారింది. బ్యాటరీ నుంచి పవర్ బోర్డుకు వచ్చే కనెక్టర్ అన్నిటికంటే ఎక్కువగా తినేయబడింది. మెయిన్ బోర్డు మీద కవచం ఉన్న భాగం మాత్రం దాదాపు శుభ్రంగా ఉంది. తేమను కొంతవరకు తట్టుకునే రబ్బరు సీళ్లు ఈ బాడీకి ఉన్నాయి గాని, అవి చినుకుల కోసం పెట్టినవి. దొర్లించే అల ఒత్తిడికి అవి నిలవవు.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది మాత్రం ఇసుక. భీమిలి తీరపు ఇసుకలో క్వార్ట్జ్‌తో పాటు ఇల్మనైట్, గార్నెట్, మాగ్నటైట్ వంటి బరువైన ఖనిజాలు ఉంటాయి. ఒడ్డున కనిపించే నల్లటి చారలు చాలావరకు వాటివే. మాగ్నటైట్ రేణువు అయస్కాంతాన్ని వెదుక్కుంటూ పోతుంది. కెమెరా లోపల అయస్కాంతాలకు కొదవ లేదు: షట్టర్ తెరలను పట్టి ఉంచే విద్యుదయస్కాంతాలు, అద్దాన్ని ఎత్తే మోటారు, చిన్న స్పీకర్, లెన్సులో వణుకును సరిదిద్దే భాగం. గాలి బుడ్డితో ఊదితే మామూలు ఇసుక లేచిపోతుంది, నల్ల రేణువులు కదలవు. వాటిని కొద్దిగా జిగురున్న టేపు కొసతో, సూక్ష్మదర్శిని కింద, ఒక్కొక్కటిగా ఎత్తి తీయాల్సి వచ్చింది. కంప్రెసర్ గాలి వాడి ఉంటే అవి మరింత లోపలికి చొచ్చుకుపోయేవి.

కడగడం, తర్వాతే ఆరబెట్టడం

బోర్డులన్నీ విడదీశాక ముందుగా గోరువెచ్చటి డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, నీరు మారుస్తూ, మెత్తటి బ్రష్‌తో కడిగాము. ఉప్పును కరిగించేది నీరే, ఆల్కహాల్‌కు ఆ పని చేతకాదు. సోడియం క్లోరైడ్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దాదాపుగా కరగదు. అందుచేత నేరుగా ఆల్కహాల్‌తో కడిగేసి పని అయిపోయిందనుకునే పద్ధతి సముద్రపు నీటి కేసుల్లో సగం పనే అవుతుంది. ఆల్కహాల్ చేయవలసిన మేలు తర్వాతి దశలో ఉంది: సందుల్లో మిగిలిన నీటిని కలుపుకుని బయటకు తెచ్చి, త్వరగా ఆవిరైపోవడం.

పవర్ బోర్డును 40 కిలోహెర్ట్జ్ అల్ట్రాసోనిక్ తొట్టిలో కొద్దిసేపు ఉంచాను. మెయిన్ బోర్డును మాత్రం పెట్టలేదు. కెమెరా ఒరుగును గుర్తించే సెన్సర్ల వంటి సూక్ష్మ యాంత్రిక భాగాలు, క్రిస్టళ్లు ఆ ప్రకంపనలకు దెబ్బతినవచ్చు, దెబ్బతిన్న సంగతి వెంటనే బయటపడకపోవచ్చు కూడా. చేత్తో కడగడానికి ఎక్కువ సమయం పట్టినా ఆ బోర్డుకు అదే క్షేమమని నా అభిప్రాయం.

కడిగిన బోర్డులను 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర స్థిరంగా ఉండే వెచ్చటి పెట్టెలో, తర్వాత సిలికా జెల్ ఉన్న గాలి చొరని డబ్బాలో ఉంచాము. పెద్ద ఐసీల కింద నీటి పొర పట్టి ఉంటుంది, అది కంటికి కనిపించదు, తొందరపడితే అక్కడే దెబ్బ తగులుతుంది. హెయిర్ డ్రయ్యర్ వేడి ఒకచోట ఎక్కువ, మరోచోట తక్కువ తగులుతుంది, ప్లాస్టిక్ వంగుతుంది, ఆవిరి చల్లటి చోటికి పోయి మళ్లీ నీరవుతుంది. బియ్యం చేయలేని పనిని సిలికా జెల్ చేయగలుగుతుంది, కానీ అది కూడా ఉప్పు పోయాకే. రంగు మారిన జెల్‌ను సుమారు 120 డిగ్రీల దగ్గర వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు.

షార్ట్ ఎక్కడ?

ఆరిన తర్వాత బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర కొలిస్తే పవర్ లైనుకు, గ్రౌండుకు మధ్య నిరోధం కొద్ది ఓములే చూపింది, అంటే లోపల ఎక్కడో షార్ట్ ఉన్నట్టే. పవర్ బోర్డు మీది ఫ్యూజ్ తెగిపోయి ఉంది. ఫ్యూజ్ బదులు సన్నని తీగ అతికించి పంపేయడం కొందరికి సులువైన మార్గంగా కనిపిస్తుంది. షార్ట్ అలాగే ఉన్నంతకాలం ఆ తీగ చేసేదల్లా బోర్డును కాల్చడమే. కాబట్టి ముందు షార్ట్‌ను వెదకాలి.

దీనికి మేము వాడే పద్ధతి సులువైనదే. బెంచ్ పవర్ సప్లయ్‌ను (వోల్టేజీ, కరెంటు మనమే నిర్ణయించే సరఫరా పెట్టె) ఒక వోల్టుకు తగ్గించి, కరెంటుకు పరిమితి పెట్టి ఆ లైనులోకి పంపుతాము. బోర్డు మీద పలచగా ఆల్కహాల్ రాసి చూస్తే, షార్ట్ అయిన భాగం వేడెక్కి దాని మీది తడి అన్నిటికంటే ముందు ఆరిపోతుంది. థర్మల్ కెమెరా ఉంటే మరీ మంచిది, లేకపోయినా పని ఆగదు. ఇక్కడ ముందుగా ఆరింది, తినేయబడిన కనెక్టర్ పక్కనే ఉన్న ఒక చిన్న సెరామిక్ కెపాసిటర్. దాన్ని తీయగానే నిరోధం మామూలు స్థాయికి వచ్చింది. పనికిరాని మరో పవర్ బోర్డు నుంచి అదే కెపాసిటర్‌ను, కనెక్టర్‌ను తీసి వేసి, ఫ్యూజ్‌ను అదే రేటింగుతో మార్చాము. రాగి పూర్తిగా పోయిన ఒక గీత చోట ఎనామెల్ పూత ఉన్న సన్నని తీగతో జంపర్ వేసి, పైన సోల్డర్ మాస్క్ (రక్షణ పూత) పూసి గట్టిపరచాము.

మొదటిసారి కరెంటు ఇచ్చింది బ్యాటరీతో కాదు, పరిమితి పెట్టిన బెంచ్ సప్లయ్‌తోనే. స్విచ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు కెమెరా తీసుకునే కరెంటు దాదాపు సున్నా ఉండాలి. అక్కడ కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు కనిపించినా లోపల ఇంకా లీకేజీ ఉన్నట్టే. ఈ బోర్డు ఆ పరీక్షలో నిలిచింది.

అద్దం, షట్టర్, సెన్సర్, లెన్సు

షట్టర్ తెరల మధ్య ఇసుక గీతలు పడ్డాయి. ఈ మోడల్ షట్టర్‌ను లక్ష క్లిక్కులకు పరీక్షించినట్టు తయారీదారు చెబుతారు, గీతలు పడిన తెరల విషయంలో ఆ లెక్కకు అర్థం ఉండదు. పాత బాడీ నుంచి తీసిన షట్టర్ యూనిట్‌ను వేశాము. వ్యూఫైండర్‌లోని ఫోకసింగ్ స్క్రీన్ మెత్తటి ప్లాస్టిక్‌ది, దానికి ఆల్కహాల్ తగిలితే ఉపరితలం మసకబారుతుంది. ఒక చుక్క సబ్బు కలిపిన డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి తీశాము గాని, ఒక మూల సన్నని మరక మిగిలిపోయింది. అది ఫోటోలో పడదని, చూసేటప్పుడు మాత్రమే కనిపిస్తుందని యజమానికి ముందే చెప్పాము. తెర వెనుక ఉండే కాంతి పొరల్లోకి నీరు చేరినందువల్ల ఎల్‌సీడీని మార్చక తప్పలేదు.

సెన్సర్ విషయంలో అదృష్టం కలిసివచ్చింది. లెన్సు బిగించి ఉండడం, షట్టర్ మూసి ఉండడం వల్ల అక్కడికి చేరింది కొద్ది తుంపరలే. ఏటవాలు వెలుతురులో చూస్తే ఫిల్టర్ గాజుల మధ్యకు నీరు పోయిన జాడ లేదు. పై గాజు మీది ఉప్పు చుక్కలను ముందు డిస్టిల్డ్ వాటర్‌తో నాననిచ్చి, అవి కరిగాకే స్వాబ్‌తో తుడిచాను. ఎండిన ఉప్పు స్ఫటికాన్ని పొడి స్వాబ్‌తో రుద్దితే గాజు మీద గీత పడుతుంది.

సెన్సర్‌ను స్థానం నుంచి కదిలించాక మరో లెక్క సరిచూసుకోవాలి. ఈఎఫ్ మౌంట్ (లెన్సు బిగించే వలయం) అంచు నుంచి సెన్సర్ తలం దాకా దూరం 44 మిల్లీమీటర్లు. అందులో మిల్లీమీటరులో నూరో వంతుల తేడా వచ్చినా ఫోకస్ తప్పుతుంది. విప్పేముందు ప్రతి స్క్రూ స్థితిని ఫోటో తీసి, గుర్తు పెట్టి, అదే క్రమంలో బిగించినప్పటికీ, లైవ్ వ్యూలో (తెర మీద చూస్తూ తీసేటప్పుడు) వచ్చిన ఫోకస్‌కు, వ్యూఫైండర్ ద్వారా వచ్చిన ఫోకస్‌కు స్వల్ప తేడా కనిపించింది. అద్దం పెట్టె అడుగున ఉండే ఆటోఫోకస్ భాగపు గాజు మీది ఉప్పు పొరను తీశాక ఆ తేడా చాలావరకు పోయింది. మిగిలినదాన్ని ఈ కెమెరాలోనే ఉన్న ఏఎఫ్ మైక్రోఅడ్జస్ట్‌మెంట్ అనే ఫోకస్ సవరణ సదుపాయంతో సరిచేశాము.

లెన్సును బాగుచేయనని చెప్పేశాను. 18-135లోని నానో యూఎస్ఎం ఫోకస్ మోటారు ఘర్షణ మీద ఆధారపడి కదులుతుంది. ఆ ఘర్షణ తలంలోకి ఇసుక చేరింది, గొట్టాల జారుడు గాడుల్లో ఇసుక గీతలు పడ్డాయి, వణుకును సరిదిద్దే భాగపు అయస్కాంతాల చుట్టూ నల్ల రేణువులు గుత్తులుగా పట్టాయి. విడిభాగాల ధర, పని గంటలు కలిపితే అదే లెన్సు సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కోవడం చవక. బాడీ విషయంలో కూడా ఖర్చు సెకండ్ హ్యాండ్ ధరలో సగం దాటేట్టయితే మరమ్మతు వద్దనే చెప్పేవాణ్ణి. పాత బోర్డు, పాత షట్టర్ చేతిలో ఉండబట్టే ఈ బేరం కుదిరింది.

అప్పగించిన తర్వాత

కెమెరాను అప్పగించేటప్పుడు రాసి ఇచ్చిన షరతులు ఇవి: రబ్బరు సీళ్లు మునుపటిలా పనిచేస్తాయని హామీ లేదు, చిన్న చినుకుల్లో కూడా బయటకు తీయకూడదు, పెళ్లిలో దీన్ని రెండో కెమెరాగా మాత్రమే వాడాలి, వాడని రోజుల్లో 40 నుంచి 50 శాతం తేమ ఉండే డ్రై బాక్సులో ఉంచాలి. నీటి నష్టం సాధారణ వారంటీలోకి రాదు. వృత్తిగా ఈ పని చేసేవారు పరికరాలకు విడిగా బీమా తీసుకోవడం మేలని కూడా ఆయనకు చెప్పాను.

వానలు మొదలయ్యాక కెమెరా మళ్లీ వచ్చింది. మోడ్ డయల్‌ను ఆటో మీద పెడితే తెర మీద మరొకటి కనిపిస్తోంది, హాట్ షూలో (కెమెరా పైన ఫ్లాష్ బిగించే చోటు) పెట్టిన ఫ్లాష్ ఒకసారి వెలిగి ఒకసారి వెలగడం లేదు. పై మూత విప్పి చూస్తే, డయల్ కింద తాకే పట్టీల మీద, హాట్ షూ అడుగు పిన్నుల దగ్గర ఆకుపచ్చ పొర కొత్తగా లేచింది. హాట్ షూ లోహపు రేకుల మధ్య సందులో మిగిలిపోయిన ఉప్పు తేమ తగిలి మేలుకున్నదన్నమాట. ఆ రెండు భాగాలను విడదీసి మళ్లీ నీటితో కడిగి, హాట్ షూను మాత్రం మార్చేశాము. అదే అదనుగా పవర్ బోర్డును, జంపర్ వేసిన చోటును సూక్ష్మదర్శిని కింద చూశాను. అక్కడ కొత్త తుప్పు లేదు. ఆఫ్ స్థితిలో కరెంటు మొదట కొలిచినంతే ఉంది. వచ్చే వానాకాలం ముగిశాక మరోసారి తెచ్చి చూపించమని రాసి పంపాను.